పాత పబ్బులో మిగిలిన పాత మనిషి

పబ్బు తిరిగి తెరిచిన వారానికి ఎవరో ఇంటర్నెట్‌లో ఇలా రాశారు: "అంతా పాడుచేశారు. కౌంటరు వెనక ఆ పెద్దాయన్ని మాత్రం ఉంచారు, అదొక్కటే మంచిపని." మేనేజరు దాన్ని ప్రింటు తీసి, గ్లాసులు కడిగే సింకు పైన, మా డ్యూటీ చార్టు పక్కన అంటించాడు. ఆ పెద్దాయన నేనే. నాకు యాభై దాటి ఎన్నాళ్లో కాలేదు, పెద్దాయన అన్నందుకు ముందు ఒళ్లు మండింది. తర్వాత కొంచెం గర్వపడ్డాను. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, ఎందుకంటే నన్నిక్కడ కట్టేసిన మొదటి ముడి అదే.

నేను బహ్రెయిన్ వచ్చింది పబ్బులో పనికి కాదు, కట్టుబడి పనికి. మా ఊళ్లో ఇప్పటికీ నా గురించి దుబాయిలో ఉంటాడనే చెప్పుకుంటారు, సరిదిద్దడం ఎప్పుడో మానేశాను. ఐదేళ్లు సిమెంటు మోశాక నడుము పట్టేసింది. మా కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చిన యజమానికి, కంపెనీతో పాటు మనామాలో ఈ పాత పబ్బు కూడా ఉండేది, నన్ను తెచ్చి ఇక్కడ గ్లాసులు కడగడానికి వేశాడు. సింకు నుంచి కౌంటరు దాకా వచ్చేసరికి ఇంకో ఆరేళ్లు పట్టింది.

ఇంగ్లీషువాళ్ల కాలం నాటి కట్టడం. సముద్రం సన్నని పాయగా లోపలికి చొచ్చుకొచ్చిన చోట ఉంటుంది. ఆ పాయను మా కస్టమర్లు నది అంటారు. గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి, దాన్ని నది అంటే నాకు నవ్వొస్తుంది. పోటు దిగితే మోకాలి లోతు బురద, రెండు విరిగిన పడవలు, అంతే. మరమ్మతు అయ్యాక బోర్డు మీద కూడా నదీతీరపు పబ్బు అనే రాయించారు. నది ఎక్కడుందని అడుగుతూ ఒకామె రెండు స్టార్లు ఇచ్చింది. ఆమె ఎవరో గానీ, నా తరఫున మాట్లాడినట్టు అనిపించింది.

మరమ్మతు ఎనిమిది నెలలు సాగింది. పబ్బు మూసినన్నాళ్లూ నన్ను మళ్లీ కూలీగా మార్చారు. పాత కౌంటరును పగలగొట్టి బయట పడేసింది నేనే. మోచేతులు ఆన్చీ ఆన్చీ దాని అంచు ఒకచోట గుంటపడి ఉండేది, ఆ గుంట ఎవరిదో కూడా నాకు తెలుసు. దాని స్థానంలో కొత్త చెక్క వచ్చింది. వడ్రంగులు ఆ కొత్త చెక్కను నేల మీద పరిచి ఇనుప గొలుసులతో రెండు రోజులు బాదారు. ఎందుకని అడిగితే, పాతదిలా కనిపించాలట. నిజంగా పాతది వెనక చెత్తకుప్పలో ఉంది.

మా ఊరి కల్లు మండువలో అభిప్రాయాలకు స్టార్లు లేవు. కల్లు బాగలేకపోతే గీసినాయన ముందరే చెప్తారు, ఆయనా అక్కడే జవాబిస్తాడు, మర్నాడు అందరూ మళ్లీ అక్కడే కూర్చుంటారు. ఇక్కడ మొహం మీద నవ్వి, చేయి ఊపి, ఇంటికి వెళ్లి రాస్తారు. రోజూ పదకొండింటికి మేనేజరు మమ్మల్ని వరసగా నిలబెట్టి టాబ్లెట్‌లోంచి అవన్నీ చదివేవాడు. ముంబై మనిషి, హిందీలో చదివి చెప్పేవాడు. ప్రతిదానికీ పబ్బు పేరు మీద జవాబు రాయాలని యజమాని ఆర్డరు. జవాబుకు మూడు ముక్కలు: థాంక్స్, సారీ, మళ్లీ రండి. పొగిడినా ఆ మూడే, తిట్టినా ఆ మూడే.

తిట్లే ఎక్కువ. కుర్చీలు ఎత్తుగా ఉన్నాయని, పాట చెవులు పగిలేలా ఉందని, ఆలుగడ్డ ముక్కలు చిన్న ఇనుప బకెట్లలో తెస్తున్నారని, తాము గుర్రాలం కామని. పాత కస్టమర్లయితే సొంత ఇల్లు ఎవరో అమ్ముకున్నట్టు ఏడ్చారు. చిత్రమేమిటంటే ప్రతి తిట్టూ చివరికి నా దగ్గర వచ్చి మెత్తబడేది. గోడలు మారాయి, ఆయన మారలేదు. వాసన పోయింది, ఆయన ఉన్నాడు. నాకు ఇంగ్లీషు పెద్దగా రాదు, వాళ్ల గ్లాసు ఏదో గుర్తుంటుంది, అంతకుమించి నేను చేసిందేమీ లేదు.

అదే రోజుల్లో నా భార్యకు గర్భసంచిలో గడ్డలున్నాయని తేలింది. నిజామాబాద్ డాక్టరమ్మ ఆలస్యం చేయకుండా తీయించుకోమంది. నా భార్య చిన్న జ్వరానికి కూడా మందు మింగని మనిషి, ఆపరేషన్ అంటే వణుకు. ఫోనులో ఒకటే మాట చెప్పింది.

"రెండు కాన్పులప్పుడు నువ్వు లేవు. నేనేమన్న అన్ననా? గీ ఒక్కసారి పక్కన కూసో. నువ్వొస్తెనే చేయించుకుంట."

రెండు కాన్పులప్పుడూ నేను సిమెంటు మోస్తూ ఇక్కడే ఉన్నాను. వస్తానని చెప్పాను. వెళ్లి మేనేజర్ని రెండు నెలల సెలవు అడిగాను. తెరిచి నెలైనా కాలేదు, రివ్యూలు కుదురుకోనీ, అప్పుడు చూద్దామన్నాడు. కాదని పోవచ్చు, ఎవరూ తాళం వెయ్యలేదు. పోతే వీసా ఖలాస్, ఈ నడుముతో నన్ను మళ్లీ తీసుకునేవాడు లేడు, ఇద్దరు పిల్లల చదువులు సగంలో ఉన్నాయి. అంతా స్టార్ల మీద ఆధారపడి ఉంది, ఇంకొన్నాళ్లు ఆగమని ఇంటికి చెప్పాను.

అదే మాట ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని మా గదిలో కూడా అన్నాను. గదిలో ఆరుగురం. అందరికంటే పెద్దవాడు కరీంనగర్ నుంచి వచ్చిన డ్రైవరు, మేమంతా చాచా అంటాం. ఎవరికి కష్టమొచ్చినా తలా ఒక చెయ్యి వెయ్యడం మా గది పద్ధతి. ఒకడి తండ్రి పోతే టికెట్టు అందరం కలిసి కొంటాం, ఒకడికి జ్వరమొస్తే వాడి డ్యూటీ ఇంకొకడు చేస్తాడు. స్టార్ల సంగతి చాచా మనసులో పెట్టుకున్నాడు. శుక్రవారం నేను డ్యూటీలో ఉన్నప్పుడు, పప్పు తిన్నాక అందరి ఫోన్లూ తీయించాడు. గదిలో నేను కాక ఐదుగురు, పక్క గదిలో ఎనిమిది మంది, అరాద్‌లో అతని మేనల్లుడి క్యాంపు, బుసైతీన్‌లో ఎవరో బంధువులు. వాళ్లలో ఒక్కడూ ఆ పబ్బు గడప తొక్కినవాడు కాదు, చాచా అయితే మందు వాసనకే ముక్కు మూసుకుంటాడు. అందరూ నా పేరు రాసి ఐదేసి స్టార్లు ఇచ్చారు. అక్కడితో ఆగక ఆ లింకును చాచా మా ఊరికి కూడా పంపాడు.

మర్నాడు నాతో గర్వంగా చెప్పాడు: "ఇగ నీ చుట్టీ పక్కా తమ్మీ. గిన్ని స్టార్లు చూసి ఎవడు ఆపుతడు?"

నేనేమనను? నా మంచి కోరి చేసిన పని. స్టార్లు పెరిగితే నన్ను వదులుతారని వాళ్లు అనుకున్నారు, అలా అర్థమయ్యేలా చెప్పింది నేనే. ఆ రోజు పదకొండింటికి మేనేజరు టాబ్లెట్ పట్టుకుని నా పేరు చదివాడు, మళ్లీ చదివాడు, చదువుతూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి యజమాని నుంచి కబురొచ్చింది. జనం వస్తున్నదే ఈ మనిషి కోసం, చలికాలం సీజన్ అయ్యేదాకా ఇతన్ని కదపొద్దు. మేనేజరు నా భుజం మీద చెయ్యి వేసి, తానే ఊరికి పోయి మూడేళ్లయిందన్నాడు. ఓదార్చడానికే అన్నాడనుకుంటాను.

ఆ తర్వాత నేను చేసింది చెప్పుకోవడానికి బాగుండదు. చెడ్డపేరు తెచ్చుకుందామనుకున్నాను. పాత కౌంటరు మీద గుంట చేసిన ఇంగ్లీషు ముసలాయన సాయంత్రం నాలుగింటికి వస్తాడు. ముప్పై ఏళ్లుగా ఆయన తాగేది ఒకటే నల్ల బీరు. కావాలని లేత రంగుది పోసి, అదీ చాలాసేపు నిలబెట్టి, మొహం చూడకుండా ఆయన ముందు పెట్టాను. ఇన్నేళ్లలో ఆయనకు తప్పు గ్లాసు ఎప్పుడూ ఇవ్వలేదు. ఆయన గ్లాసు చూశాడు, నన్ను చూశాడు, చివరిదాకా తాగి వెళ్లిపోయాడు. మర్నాడు మేనేజరు చదివాడు: "నా మిత్రుడు నాలాగే మరిచిపోవడం మొదలుపెట్టాడు. ఆయన ఉన్నన్నాళ్లు వస్తాను." ఐదు స్టార్లు. వరసలో నిలబడ్డ పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు ఎటైనా పారిపోవాలనిపించింది, కానీ ఎటు చూసినా గొలుసులతో బాదిన ఆ చెక్కే. ఆ వారం నుంచి ఆయనకు మళ్లీ నల్ల బీరే పోశాను.

ఇంటి దగ్గర నా భార్యకు రక్తం పోవడం ఎక్కువై డాక్టరమ్మ ఇక ఆగనంది. ఆపరేషన్ మంగళవారం పగలు జరిగింది. పక్కన నా మరదలు ఉంది. పబ్బులో జనం లేరు, నేను కౌంటరు వెనక నిలబడి తుడిచిన గ్లాసులే తుడుస్తున్నాను. రెండు దాటాక మరదలు ఫోను చేసి అంతా మంచిగనే అయిందని చెప్పింది. సింకు కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చాను. తర్వాత నా భార్య మాట్లాడినప్పుడు నన్నొక్క మాట అనలేదు. తిన్నావా అని అడిగింది. తిడితే బాగుండేది.

పది రోజుల తర్వాత, పదకొండింటి వరస అయిపోయాక, మేనేజరు నన్ను ఆపి టాబ్లెట్ చూపించాడు. ఒకే ఒక్క స్టార్, కింద నాలుగు వరసలు, ఏ భాషో తెలియడం లేదన్నాడు. తర్జుమా నొక్కితే హోటల్, రోజులు, మంచివాడు అని ముక్కలు ముక్కలుగా వస్తోందట. ఇది మీ భాషేనా అని అడిగాడు. తెలుగే. చాచా పంపిన లింకు మా ఇంటిదాకా చేరిందన్నమాట. మాట్లాడితే ఫోను తానే రాసుకుంటుందని మా అమ్మాయి నేర్పి ఉంటుంది, ఎందుకంటే ఆ అక్షరాల్లో నా భార్య గొంతు వినిపించింది.

"నేను గీ హోటల్ల ఎన్నడు తినలే. ఆయన మంచోడని అందరు రాస్తున్నరు. మంచోడే, నాకెరుకే. ఆయనను మీరు చూసినన్ని దినాలు నేను చూడలే. అడిగితె పంపుతలేరు, గందుకే ఒక్క స్టార్."

ఏం రాసిందని మేనేజరు అడిగాడు. చెప్పాల్సింది అప్పుడే. నా భార్య రాసింది, ఇదీ సంగతి అని చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. అతను చెడ్డవాడు కాదు, అతనికీ ఇల్లుంది. కానీ మా ఇంటి మాట రేపు వరసలో అందరి ముందు చదువుతాడేమోనని సిగ్గేసింది, యజమానికి కోపమొస్తుందని భయం కూడా వేసింది. సర్వీసు బాగా ఆలస్యమైందని రాశారని చెప్పాను. అంతేనా అన్నాడు. అంతే అన్నాను.

అయితే జవాబు నువ్వే రాయి, మీ భాషలో, అని టాబ్లెట్ నా చేతిలో పెట్టి పోయాడు. మూడు ముక్కలు, మరిచిపోవద్దన్నాడు. పబ్బు పేరు మీద నా భార్యకు జవాబు రాయడానికి కొత్త కౌంటరు దగ్గర కూర్చున్నాను. మీ అభిప్రాయం తెలిపినందుకు ధన్యవాదాలు అని రాశాను. ఆలస్యం జరిగినందుకు క్షమించండి అని రాశాను. మూడోది మళ్లీ రండి. రమ్మనాల్సింది ఆమె, నేను కాదు. వేలు అక్షరాల మీద చాలాసేపు తిరిగింది. మేనేజరు దూరం నుంచి యల్లా, తొందరగా కానీ అని పిలిచాడు. ఆ రెండు ముక్కలతోనే పంపేశాను.

సాయంత్రం డ్యూటీకి ముందు కౌంటరు వెనక నుంచే ఇంటికి ఫోను చేశాను. నొప్పి తగ్గిందా అని అడిగాను, తగ్గిందంది. కుట్లు విప్పారా అని అడిగాను, విప్పారంది.

"గా జవాబు నువ్వే రాసినవ్ గద," అంది.

ఎలా తెలిసిందని అడిగాను.

"క్షమించమన్నవ్ గని వస్తనని రాయలే. గట్ల రాసేది నువ్వే."

గోడకున్న గడియారంలో నాలుగైంది. తలుపు తెరుచుకుని ముసలాయన లోపలికి వస్తూ నన్ను చూసి చెయ్యి ఊపాడు. ఫోను చెవికి ఉండగానే నా చెయ్యి నల్ల బీరు గ్లాసు అందుకుంది.