హెల్లెవికి గిట్టని గడియ

హెల్లెవిని మా ఊళ్ళో ‘బాత్రూం కాపలా నర్సు’ అని వెక్కిరించేవాళ్ళు. ఆ వెక్కిరించిన వెధవల్లో నేనూ ఒకణ్ణి. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నా, లేకపోతే ఇది రాసే అర్హత నాకు లేదు. నా పేరు తైస్తో. ఊరి హాలు బాగోగులు చూసేది నేనే. తాళాలూ, బల్బులూ, హీటరూ, ఆ బాత్రూం గడియా అన్నీ నా చేతిమీదుగానే నడుస్తాయి.

ప్రతి నవంబరులో హాల్లో ఫ్లూ టీకాలు వేస్తారు. బయట చిత్తడి మంచు, లోపల తడిసిన ఉన్ని కోట్ల కంపు. హెల్లెవి ముప్పై ఏళ్ళుగా ఇదే పని చేస్తోంది. మనిషి పొట్టి, గొంతు మాత్రం సరస్సు అవతలి ఒడ్డుకి వినబడుతుంది. సూది గుచ్చేముందు ప్రతివాళ్ళనీ నిలదీస్తుంది. “ఇంతకు ముందు ఏ టీకాకైనా దద్దుర్లు లేచాయా? పెదాలు వాచాయా? ఊపిరాడకపోవడం లాంటిదేమైనా?” అంటుంది. వెనక క్యూ గొణుగుతుంది. మా ఫిన్లాండ్ వాళ్ళ జవాబు ఒక్కటే, “ఏం లేదులే.” చెయ్యి విరిగినా ఏం లేదులే, కొంప అంటుకున్నా ఏం లేదులే. ఆ మాట వింటే ఆవిడకి ఒళ్ళు మండిపోయేది.

టీకా ఒంటికి పడకపోతే తెలిసేది కాసేపట్లోనే కాబట్టి, సూది అయ్యాక పావుగంట కూర్చోవాలి. మావాళ్ళా కూర్చునేది? అందుకని ఆవిడ ఒక ఎత్తు వేసింది. ఒక్కొక్కరి కాలరుకీ బట్టల క్లిప్పు పెట్టి దానిమీద టైము రాసేది. టైమయ్యాక క్లిప్పు తిరిగిస్తేనే కాఫీ, దాల్చినచెక్క బన్ను. కాఫీ ఇస్తామంటే మావాడు నరకంలోనైనా పావుగంట కూర్చుంటాడు. టీకా పడక ఊపిరాడకపోతే వెంటనే పొడిచే అడ్రినలిన్ ఇంజెక్షన్లని మాత్రం బీరువాలో పెట్టనిచ్చేది కాదు. “తాళంచెవి వెతికేలోపు మనిషి పోతాడు” అని ట్రేలో, చేతికందేచోట ఉంచేది.

మరి బాత్రూం గడియ మీద ఆవిడకి ఏమిటంత పగ? ఆవిడ తమ్ముడు ఆర్మస్‌ని ఓ పెళ్ళి విందులో కందిరీగ కుట్టింది. గొంతు బిగుస్తుంటే ఆ పిచ్చి సన్నాసి నలుగురిలో రభస ఎందుకని లేచి, పెరటి మరుగుదొడ్లోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. కేకు కోసేటప్పుడు గాని వాడు లేడని ఎవరికీ తెలియలేదు. అప్పటికే అంతా అయిపోయింది.

“టీకాకి అలా అయ్యేది లక్షల్లో ఒకరికి. భయపడి మానెయ్యకండి” అని అందరికీ చెప్పేది కూడా ఆవిడే. “కానీ ఆ ఒక్కడు మా ఊరివాడైతే తిన్నగా బాత్రూంకే పోతాడు” అని నాచేత గడియ పీకించింది. ‘లోపల మనిషి ఉన్నారు’ అని రాసిన అట్టముక్క ఒకటి, లోపలికెళ్ళేవాళ్ళు తలుపుకి తగిలించుకోవాలని పెట్టింది. పదేళ్ళు అలాగే గడిచాయి.

రెండేళ్ళ కిందట, రిటైరైన టీచరమ్మ లెంపీ లోపలుండగా ఎవడో అట్టముక్క చూడకుండా తలుపు తీశాడు. ఆవిడ మునిసిపాలిటీకి ఉత్తరం రాసింది. కిందటేడు టీకాలకి వారం ముందు, గడియ బిగించమని వాళ్ళు నాకు కాగితం పంపారు. హెల్లెవి ఆఫీసుకి పరుగెత్తింది. అక్కడో కుర్రాఫీసరు, “పదేళ్ళలో ఒక్కసారైనా అవసరం పడిందా?” అని అడిగాడట. “పడకూడదనే కదయ్యా నా ఏడుపు!” అని టేబుల్ గుద్ది వచ్చింది.

నేను గడియ బిగిస్తుంటే వెనకే నిలబడింది.

“తైస్తో, నీకు దణ్ణం పెడతా. కనీసం పొట్టి స్క్రూలు వెయ్యి.”

“నీ చాదస్తం తగలెయ్య!” అని నవ్వాను. వేశాను లెండి. గౌరవంతో కాదు, ఆవిడ నోటికి జడిసి.

మర్నాడు నా వంతు వచ్చింది. ఆవిడ అవే ప్రశ్నలడిగింది. నిజమేమిటంటే, అంతకుముందేడు టీకా వేయించుకుని ఇంటికెళ్ళాక నాకు పొట్టంతా దద్దుర్లు లేచాయి, పెదాలు వాచాయి. రెండు గంటల్లో తగ్గిపోయాయి. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చూస్తే వెనక నలభైమంది.

“ఏం లేదులే” అన్నాను.

“సరిగ్గా ఆలోచించి చెప్పు.”

“ఏం లేదు.”

“పోయినేడు కూడా?”

“అబ్బబ్బ, గుచ్చవమ్మా! నాకు హీటరు పనుంది.”

గుచ్చింది. క్లిప్పు పెట్టింది. ఐదు నిమిషాలకి అరచేతులు దురదపెట్టాయి. చెవులు కాలిపోయాయి. కడుపులో మెలిపెట్టింది, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టైంది. హెల్లెవి పది అడుగుల దూరంలో ఉంది. చెయ్యెత్తితే చాలు. ఎత్తానా? లేదు. పక్కనున్న లెంపీకి మర్యాదగా తలవంచి లేచి, బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. ఆర్మస్ కథ తెలిసి కూడా, నిన్న నా చేత్తో నేను బిగించిన గడియే! తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది. అరవబోతే గొంతు లేదు, తీయబోతే వేళ్ళు తిరగలేదు. మోకాళ్ళమీద కూలిపోయాను.

బయట హెల్లెవి గొంతు. “ఈ కుర్చీలోవాడేడీ?”

“బాత్రూంకి వెళ్ళాడమ్మా. మనిషిని కాసేపైనా వదలవా?” అంది లెంపీ.

ఒక్క తన్ను. స్క్రూలు ఊడి నేలమీద పడ్డాయి. ప్యాంటు మీదనుంచే తొడలో సూది దిగింది. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు కుర్చీమీదికెత్తింది. “అంబులెన్సుకి ఫోన్ చెయ్యి!” అని లెంపీ మీద అరిచింది. నేను లేవబోతే, “కదిలావో చంపేస్తా!” అంది. ఐదు నిమిషాలకి ఇంకో సూది వేసింది. అప్పుడు ఊపిరి ఆడింది.

ఊపిరాడగానే నా నోట వచ్చిన మొదటి మాటేమిటో తెలుసా? “సారీ, తలుపు పాడైంది.”

ఆవిడ చెయ్యెత్తింది, కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. దద్దుర్ల సంగతి అప్పుడు చెప్పేశాను. ముప్పై ఏళ్ళలో మొదటిసారి హెల్లెవి గొంతు తగ్గింది.

“అడిగాను కదరా. మూడుసార్లు అడిగాను కదరా” అని నా పక్కనే బాత్రూం నేలమీద కూలబడి ఏడ్చింది.

ఆ రాత్రికి ఆస్పత్రిలో ఉంచుకున్నారు. టీకాలో నాకు పడనిదేమిటో తేల్చేదాకా మళ్ళీ వేయించుకోవద్దన్నారు. తిరిగొచ్చేసరికి మునిసిపాలిటీ నుంచి ఇంకో కాగితం వచ్చి ఉంది. తలుపు బాగుచేసి, గడియని ఈసారి గట్టి స్క్రూలతో బిగించాలట! ఆ గడియని కవర్లో పెట్టి, ‘మీ ఆఫీసు బాత్రూంకి బిగించుకోండి’ అని రాసి వాళ్ళకే పంపాను. ఉద్యోగం పీకితే పీకనీ.

ఈ నవంబరులో ఆ తలుపు పక్కన కుర్చీ వేసుకుని నేనే కూర్చున్నాను. క్లిప్పున్నవాళ్ళెవరు అటొచ్చినా ఆపి, “ఒంట్లో ఎలా ఉంది?” అని అడుగుతున్నాను. ఏం లేదులే అన్నవాడి మీద హెల్లెవికంటే గట్టిగా అరుస్తున్నాను. ఇప్పుడు ఊరంతా నన్ను బాత్రూం కాపలావాడంటోంది.