రెండో వేలి గోరు

మొదట నల్లబడింది కుడికాలి రెండో వేలి గోరు. వారం తిరక్కముందే ఎడమకాలి రెండో వేలూ అదే రంగుకు వచ్చింది. బొటనవేళ్ళు, మిగతా వేళ్ళు శుభ్రంగా ఉన్నాయి. అప్పటికి నేను కానిస్టేబుల్ పోస్టుకు మొదటి రాతపరీక్ష గట్టెక్కాను. పరుగు పరీక్షకు దాదాపు నాలుగు నెలలు ఉంది. పదహారు వందల మీటర్లు గడువులోపల పరిగెత్తితేనే చివరి రాతపరీక్షకు పిలుస్తారు. వయసు లెక్కన నాకు అదే ఆఖరి అవకాశం. మరో నోటిఫికేషన్ వచ్చేసరికి అర్హత దాటిపోతాను.

మాది విడవలూరు మండలంలో సముద్రం ఒడ్డునున్న పాలెం. మా ఆయన ఇంజను బోటు మీద వేటకు వెళతాడు. తెల్లవారుజామున వాళ్ళు బోటు నీళ్ళలోకి తోసిన గంటకు నేను రోడ్డెక్కేదాన్ని. ఇసుకలో పరిగెడితే కాళ్ళకు బలం వస్తుంది గాని వేగం రాదు. తారు రోడ్డు మీద ఒట్టికాళ్ళతో ఒకరోజు పరిగెత్తి చూశాను. రొయ్యల గుంటలకు తిరిగే లారీలు పారబోసిన కంకర గుచ్చుకుని అరికాలు తెగింది. అందుకని షూలు కొన్నాను. గోళ్ళు నల్లబడింది ఆ తరవాతే.

నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. అయితే మండల గ్రంథాలయంలో నేను తెరవని బీరువా లేదు. ప్రథమ చికిత్స మీద ఒక పుస్తకం, పరుగు మీద తెలుగులోకి వచ్చిన మరో పుస్తకం తెచ్చుకుని రెండూ రెండేసి సార్లు చదివాను. గోరు వేలి చివర పుట్టదు, గోరు మొదలు దగ్గర చర్మం కింద పుట్టి మెల్లగా ముందుకు జరుగుతుంది. నల్లగా కనపడేది గోరు కింద చిట్లి గడ్డకట్టిన రక్తం. నొప్పి లేకపోతే దాని జోలికి పోకూడదు. ఊగుతున్న గోరును పీకకూడదు. బూటు ముందుభాగం ఇరుకైతే అడుగడుగునా గోరు దానికి కొట్టుకుంటుంది కాబట్టి, పొడుగు వేలికీ బూటుకూ మధ్య బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. ఇదంతా చేపలు కోస్తున్న మా అత్తకు వివరంగా చెప్పాను.

"ఆ పుస్తకం రాసినాయన యాడ పరిగెత్తినాడంట?" అని అడిగింది.

"చలిదేశంలో అత్తా."

"అట్టయితే ఆయనకు చలికి నల్లబడుంటాది" అని మళ్ళీ కత్తి అందుకుంది.

పుస్తకం చెప్పినట్టే చేశాను. సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుందని, సాయంత్రం పూటే నెల్లూరు వెళ్ళి ఒక సైజు పెద్ద షూలు కొన్నాను. మడమ జారకుండా లేసును పైరంధ్రం దాకా పోనిచ్చి బిగించాను. గోళ్ళు మూలలు గుండ్రంగా తీయకుండా అడ్డంగా, తిన్నగా కత్తిరించాను. తడిసిన సాక్సులు మళ్ళీ వేసుకోలేదు. పది రోజులకు కుడిగోరు ఒక అంచున లేచి పోటు మొదలైంది. ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ కడిగి కట్టు కట్టింది. కాల్చిన సూదితో గోరుకు చిల్లి పెట్టి రక్తం వదిలిస్తారట కదా అని అడిగాను.

"చదివింది చాల్లేమ్మా. ఇంట్లో మాత్రం ఆ పని చెయ్యబాక" అంది.

రెండు రోజులు పరుగు మానేశాను. రెండో రోజు మధ్యాహ్నం గడపలో కూర్చుని ఆ పరుగు పుస్తకమే మూడోసారి చదువుతుంటే, దండెం దగ్గర అత్త నా సాక్సులు ఆరేస్తూ ఆగింది.

"షూలు మార్చినావు, సాక్సులు మార్చినావు. మెట్టె మాత్రం ఒకే చోట కొరికినాది చూడు."

లేచి వెళ్ళి చూశాను. నాలుగు జతల్లోనూ రెండో వేలి దగ్గర ఉంగరం ఆకారంలో దారం అరిగిపోయి ఉంది. మా వైపు మెట్టెలు మూడు చుట్లవి, మందంగా ఉంటాయి. బూటులో ఆ మందానికి చోటు లేక వేలు పైకి వంగుతోంది, వంగిన వేలి గోరు ముందుకు గుద్దుకుంటోంది. పుస్తకంలో పాదాల బొమ్మలు పదకొండు ఉన్నాయి. ఒక్క కాలికీ మెట్టె లేదు.

నేను మెట్టె వైపు చూడటం అత్త గమనించింది.

"ఆ మాట నేను అనలా" అంది వెంటనే. "వాడు నీళ్ళ మీద ఉండంగా మెట్టె తీసే మాట ఈ ఇంట్లో లేదు."

మా పాలెంలో ఇది ఎవరూ రాసి పెట్టని కట్టుబాటు. మొగుడు సముద్రం మీద ఉన్నంతసేపు ఆడమనిషి మెట్టెలు తీయదు. నేను పరిగెత్తే వేళ సరిగ్గా ఆయన నీళ్ళ మీద ఉండే వేళ. ఆ సాయంత్రం మా ఆయనను అడిగాను.

"నీ మెట్టెల మీదనే బోటు తేలతా ఉంటే, ఇంక డీజిల్ ఎందుకు మే?" అని నవ్వాడు.

"అయితే తీసేదా మావా?"

ఆయన వల సర్దుకోవడానికి లేచాడు.

వారం ఆగి ఒక రోజు తీశాను. ఊరు దాటాక కల్వర్టు మీద కూర్చుని, చుట్లు కాస్త తెరిచి లాగి, చేతిరుమాలులో మూటగట్టి నడుముకు దోపుకున్నాను. అప్పటిదాకా పరిగెత్తినవాటిలో అదే నా మంచి పరుగు. వేలు ఎక్కడా తగల్లేదు. తిరుగుదారిలో అదే కల్వర్టు మీద మళ్ళీ పెట్టుకుని ఇంటికి వచ్చాను.

మా బోట్లు మామూలుగా ఎనిమిదికల్లా వస్తాయి. ఆ రోజు అన్నీ వచ్చాయి, మా ఆయన ఎక్కిన బోటు తప్ప. తొమ్మిదయింది, పదయింది. ఫోను కలవలేదు. నేను ఒడ్డున వలల కుప్ప పక్కన కూర్చున్నాను. వెండికీ సముద్రానికీ సంబంధం లేదని నాకు తెలుసు. గాలి ఎందుకు తిరుగుతుందో, అల ఎలా పుడుతుందో కూడా చదివాను. ఆ తెలిసినదంతా ఆ నాలుగు గంటలు నాకు అక్కరకు రాలేదు. అత్త రెండుసార్లు వచ్చి పక్కన నిలబడింది. రెండుసార్లూ నేను కాళ్ళు చీర కిందికి ముడుచుకున్నాను.

పన్నెండు దాటాక పక్క పాలెం బోటు ఒకటి వాళ్ళ బోటును తాడు కట్టి లాక్కొచ్చింది. ఇంజను ఆగిపోయిందట. అంతకు మించి ఏమీ లేదు.

"ఏంది మే, ఎండలో కూర్చోనుండావు? సంగటి చెయ్యలా?" అన్నాడు మా ఆయన దిగుతూనే.

ఆ తరవాత మెట్టెలు తీయలేదు. వేలి చుట్టూ దూది పెట్టి ప్లాస్టర్ చుట్టుకుని, సగం దూరం పరిగెత్తి మిగతాది కుంటుతూ పూర్తిచేసేదాన్ని. గడియారం చూస్తే గడువుకు నిమిషం ఎక్కువ పడుతోంది. ఆ లెక్కన ఉద్యోగం లేదు.

అంతలో వేట నిషేధం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా వేసవిలో రెండు నెలలు ఇంజను బోట్లు కడలిలోకి పోకూడదు. మొదటి రోజు తెల్లవారుజామున నేను సాక్సులు అందుకుంటుంటే అత్త కొబ్బరినూనె గిన్నె తెచ్చి ఎదురుగా కూర్చుంది.

"కాలు ఇటియ్యి."

"ఎందుకత్తా?"

"వాడు గట్టునే పడి గురకపెడతా ఉండాడు గదా. ఇప్పుడు తీస్తే తప్పు లేదు. పరిగెత్తొచ్చినాక వేసుకో. ఇయ్యి, ఎవురన్నా చూస్తే అత్త కోడలి కాళ్ళు పట్టుకున్నాదని పాలెమంతా చెప్పుకుంటారు."

ఆ రెండు నెలలు సరిగా పరిగెత్తాను. ఎడమగోరులో నల్లమచ్చ పుస్తకం చెప్పినట్టే గోరు మొదలు నుంచి ముందుకు జరుగుతూ వచ్చింది. కుడిది మాత్రం సగం ఊడి వేలాడింది. పీకలేదు, ఊడిన మేరకు కత్తిరించి కట్టు కట్టుకున్నాను. పరుగు గడువులోకి వచ్చింది.

పరీక్షకు పిలుపు వచ్చిన తేదీ, వేట మళ్ళీ మొదలైన పదో రోజు. నిషేధం ముగిసిన మొదటి వారాల్లోనే వల బరువుగా లేస్తుంది. ఆ రోజుల్లో జ్వరమొచ్చినా ఎవరూ గట్టున కూర్చోరు. ముందురోజు అన్నం దగ్గర అత్త ఆ మాటెత్తింది.

"రేపు నువ్వు పోబాక. దాంతో నెల్లూరు పో."

"నేను పోతే ఏమైద్దిమా? అది మెట్టెలు తీసేసి పరిగెత్తుద్ది" అన్నాడు మా ఆయన.

"నువ్వు నీళ్ళ మీద ఉంటే అది తియ్యదు. వేసుకోనే పరిగెత్తుద్ది. గోరూడి నడిమధ్యన కూలబడితే, నీ వలలో పడద్దా ఉద్యోగం?"

ఆయన అన్నం తినడం పూర్తిచేసి, బోటు వాళ్ళకు ఫోను చేసి, రేపు రానని చెప్పాడు. అటువైపు వాళ్ళు ఏదో అని నవ్వినట్టున్నారు. "అవునబ్బా, పెండ్లాం పరుగుకు కాపలా" అన్నాడు.

మైదానం గేటు దగ్గర మెట్టెలు తీసి ఆయన చేతికిచ్చి లోపలికి వెళ్ళాను. మా బ్యాచ్‌లో చాలామంది ఒట్టికాళ్ళతో ఉన్నారు. మూడో చుట్టులో కుడివేలు మండడం మొదలైంది, కాని అడుగు తప్పలేదు. గడువుకు పదకొండు సెకన్ల ముందు గీత దాటాను. పక్కకు వెళ్ళి షూ విప్పితే సగం మిగిలిన గోరు సాక్సుతోపాటే వచ్చేసింది. నెత్తురు పెద్దగా లేదు. నీళ్ళతో కడిగి, తెచ్చుకున్న గుడ్డ చుట్టుకున్నాను.

బయటికి వచ్చేసరికి మా ఆయన గోడ నీడన నిద్రపోతున్నాడు. ఆయన జేబులోంచి మెట్టెలూ ఫోనూ తీసుకుని, ఎడమమెట్టె ఎప్పటిలా, కుడిది కట్టు మీదుగా వదులుగా పెట్టుకుని అత్తకు ఫోను చేశాను.

"వాడు యాడుండాడు?" అంది ముందు.

"ఈడనే. నిద్రపోతా ఉండాడు."

"మెట్టెలు?"

"వేసుకున్నా."

"సరే. ఇప్పుడు చెప్పు. పాసైనావా?"

"పాసైనా అత్తా."

ఫోను పెట్టేయకుండానే ఆమె గోడవతలి వాళ్ళకు చెప్పడం మొదలుపెట్టింది. మా కోడలు అందరికన్నా ముందొచ్చినాదంట అంటోంది. నేను ఏడోదాన్ని. సరిదిద్దలేదు.