ఉప్పు మాస్టరు నాలుక

బస్సు డిపో క్యాంటీన్‌లో ఆయన్ని అందరూ ఉప్పు మాస్టరు అనేవారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఎంత పెద్ద గిన్నెడు కూరైనా కొలతా గిలతా ఉండేది కాదు. పిడికిట్లో ఉప్పు తీసి ఒక్క విసురు విసిరేవాడు, గరిటె అంచున అంటిన పులుసు నాలుక్కి రాసుకునేవాడు, "దించెయ్యండి" అనేవాడు. ఇక దానికి తిరుగులేదు. డ్యూటీ దిగిన డ్రైవర్లు, గోళ్లలో గ్రీజు వదలని మెకానిక్కులు ఆ కూర కోసం ఇంట్లో తినకుండా వచ్చేవాళ్లు.

ఇంట్లోనూ వంట ఆయనదే. భార్య కర్టెన్లు కుట్టే దుకాణంలో పనిచేసేది. సాయంత్రం ఆమె మెట్లెక్కి వచ్చేసరికి నూనె తేలే కూర, దండిగా వెన్న రాసిన రొట్టె బల్లమీద సిద్ధంగా ఉండాల్సిందే.

"ఇలా మేపితే కుర్చీలో పట్టనండీ" అనేది ఆమె.

"కుర్చీ మారుద్దాంలే" అనేవాడు ఆయన.

పిల్లలు లేరు. ఆ లోటు గురించి ఎప్పుడూ నోరు విప్పి మాట్లాడుకోలేదు. ఆమె కడుపునిండా తింటుంటే చూడటమే ఆయనకు సంసారం.

ఒక మధ్యాహ్నం ఆమె ఒళ్లంతా చెమటలు పట్టి, కుట్టుమిషను మీదే వాలిపోయింది. ఆసుపత్రిలో గుండెకు వెళ్లే రక్తనాళంలో స్టెంట్ వేశారు. ఇంటికి పంపేముందు డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టింది. ఎందుకైనా మంచిదని ఆయన చేతికీ పట్టీ చుట్టి బీపీ చూసి, పెదవి విరిచింది.

"మీరూ ఆ దారిలోనే ఉన్నారు. ఉప్పు, నూనె, వెన్న బాగా తగ్గించాలి. ఒకరికో వంట, ఇంకొకరికో వంట అంటే నాలుగు రోజులు కూడా సాగదు. ఇద్దరూ ఒకటే తినండి. ఇంతకీ ఇంట్లో వండేదెవరు?"

"నేనేనండీ."

ఇన్నేళ్లూ మురిసిపోతూ వడ్డించిందే ఆమె గుండెలో పేరుకుందా? బస్సులో ఇంటికొస్తూ ఆమె ముఖంవైపు చూడలేకపోయాడు.

"అంతా మీ వంటవల్లే అనుకుంటున్నారు కదూ?" అంది ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ. "మా నాన్నదీ ఇదే గుండె. దానికి మీరేం చేస్తారు?"

ఆయన ఆమె చేతిలోని మందుల సంచి తను అందుకున్నాడు.

మర్నాడే వెన్న డబ్బా పక్కింటికి చేరింది. ఉడికించిన కూరగాయలు, చేపముక్క, కాస్త నిమ్మరసం, మిరియాల పొడి. మొదట్లో ఇద్దరికీ ముద్ద దిగేది కాదు. "ఆసుపత్రి గోడ నాకినట్టుంది" అందామె ఓ రోజు. ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే ఆమె ఏడ్చేసింది. కానీ రానురాను నాలుకలు లొంగాయి. క్యారెట్‌లో అంత తీపి ఉందని ఆ వయసులో తెలిసొచ్చింది. ఆయన లోలోపల పొంగిపోయాడు. ఆ సంబరం డిపోలో ఆవిరైంది.

"మాస్టరూ, ఇవాళ ఉప్పుతో మాటల్లేవా?" అన్నాడో ముసలి డ్రైవరు. అందరితోపాటు ఆయనా నవ్వాడు. మర్నాడు కంచాలు సగం సగం వెనక్కొచ్చాయి. గరిటె అంచు నాకితే ఆయనకు మాత్రం ఉప్పు చురుక్కుమంటోంది. నాలుకేమో ఎక్కువైందంటుంది, కంచాలేమో చాల్లేదంటున్నాయి. ఎవర్ని నమ్మాలి? కంచాల్ని నమ్మి ఓ పూట ఇంకో పిడికెడు విసిరాడు. ఆ పూట కూర ఎవరూ నోట పెట్టలేకపోయారు.

మేనేజరు గదిలోకి పిలిచి, "ఒంట్లో బాగోలేదా మాస్టరూ? పోనీ కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. వద్దండీ అని ఆయన గబగబా పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాడు.

ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. డిపో వెనక కొట్లో ఉప్పు అద్దిన వేయించిన గింజల పొట్లాలు కొనుక్కుని, టైర్ల గుట్ట చాటున నిలబడి నమిలేవాడు. ఎలాగైనా నాలుకను పాత దారికి తేవాలి. నాలుక మాటేమోగానీ తల దిమ్మెక్కడం మొదలైంది. పాదాలు వాచి, బూట్లు బిగుతయ్యాయి.

ఓ సాయంత్రం ఆయన మేజోళ్లు విప్పుతుంటే చీలమండల మీద లోతుగా పడిన గీతలు ఆమె కంటబడ్డాయి.

"ఏం తింటున్నారు బయట?"

దాచలేక అంతా చెప్పేశాడు.

"నాకోసం పని పోగొట్టుకుంటారా? రేపట్నుంచి మీ వంట మీరు మునుపట్లా వండుకోండి. నాది నేను ఉడకేసుకుంటా."

"ఒక్కదానివే ఎలా తింటావే?"

"తింటాను! నేనేమన్నా చిన్నపిల్లనా?"

అన్నంత పనీ చేసింది. ఇంట్లో రెండు పొయ్యిలు, రెండు గిన్నెలు, మాటలు మాత్రం లేవు. ఆమె గోడవైపు తిరిగి తినేది. కంచంలో సగం చెత్తబుట్టలో పడేది. ఆయన తన కూరలో మునుపటిలా ఉప్పేసుకున్నాడుగానీ, అది తినబుద్ధి కాలేదు. చివరికి ఆమే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మిషను ఆపితే చాలు, డిపోనుంచి ఎవరో వచ్చి మీ గురించి ఏదో చెబుతారని గుండె దడ. నా గుండె బాగుచేయించి మీరు పోతే, నేనేం చేసుకోనండీ దాన్ని?"

ఆ రాత్రి మళ్లీ ఒకే గిన్నె పొయ్యెక్కింది. మర్నాడు డిపోలో కూర ఉడుకుతుండగా ఆయన, ఏళ్లుగా ఉల్లిపాయలు తరిగే ఆవిడను పిలిచాడు. క్యాంటీన్‌లో అందరూ చెల్లెమ్మ అంటారు ఆవిణ్ని.

"చెల్లెమ్మా, ఉప్పు చూడు."

"మీరుండగా నేనా అన్నా?"

"నా నాలుక ఇంటికి అలవాటుపడిపోయింది. ఇక్కడికి పనికిరాదు."

ఆవిడ బెరుగ్గా రుచి చూసి "ఇంకాస్త" అంది. ఆయన వేశాడు. "ఇంకాస్త." వేశాడు. "చాలన్నా." ఆ పూట కంచాలు తుడిచినట్టు ఖాళీగా వచ్చాయి. ఆయన గిన్నెలు తోమే తొట్టి దగ్గర నిలబడి వాటినే చూస్తూండిపోయాడు.

కొన్నాళ్లకు మేనేజరు పెద్ద పొయ్యి చెల్లెమ్మకే అప్పగించాడు. మాస్టరు తరుగుడు బల్ల దగ్గరికి మారాడు. డ్రైవర్లు కూర బాగుందని ఆవిడకే కేకేసి చెప్పేవాళ్లు. కొత్తగా చేరినవాళ్లకు ఆయన్ని ఉప్పు మాస్టరని ఎందుకంటారో తెలిసేది కాదు. అడిగితే చెప్పేవాడు కూడా కాదు.

తర్వాతి పరీక్షల్లో డాక్టరమ్మ ఇద్దరినీ మెచ్చుకుంది. భార్య గుండె కుదుటపడుతోంది, ఆయన బీపీ దిగింది. అయినా ఇంటి మెట్లెక్కుతుంటే ఆమె మధ్యలో ఆగి రెయిలింగు పట్టుకుంది. తలుపు తాళం తీస్తూ, "పెద్ద పొయ్యి పోయినందుకు బాధగా ఉందా మీకు?" అని అడిగింది.

"ఉంది" అన్నాడు ఆయన. ఆ మాట దాచకుండా చెప్పడం అదే మొదలు.

రాత్రి చేపముక్క ఉడికించి ఆమే వడ్డించింది. ఆయన నెమ్మదిగా నమిలాడు.

"బాగుందా?"

"బాగానే ఉందే. బాధంతా అదే."

నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. ఇద్దరూ కంచాలు ఖాళీ చేసి, మాత్రలు వేసుకుని పడుకున్నారు.