కొస పట్టు జాల్యా

టేపు పెట్టి చూడనిదే కొండల్‌రావు దేన్నీ నమ్మేవాడు కాదు. జనగామ మున్సిపాలిటీలో ఆయన సర్వేయరు. టేపు రెండో కొస పట్టుకునే చైన్‌మన్ జాల్యా. ఆ కొస పట్టుకుని పన్నెండేళ్లలో జాల్యా తిరగని సందు లేదు, తినని తిట్టు లేదు.

ఆఫీసు కొలతలతో ఆగితే ఆయన కొండల్‌రావు ఎందుకవుతాడు? పెళ్లికి పోతే అక్షింతలకన్నా ముందు పందిరి కొలిచి, ఒక మూల అర అడుగు తగ్గిందని పెళ్లికూతురి తండ్రికి చెప్పేవాడు. మంగలి దగ్గర మీసం రెండు పక్కలా కొలిపించుకునేవాడు. ఓసారి భార్య కళావతి, మంచం మీద తనకు చోటు చాలడం లేదన్నదట. పొద్దున్నే జాల్యాకు కబురొచ్చింది. కొండల్‌రావు మంచం పక్కన నిలబడి "కొస పట్టు జాల్యా" అన్నాడు. జాల్యాకు ఎటు చూడాలో తెలియలేదు. కొలిస్తే కళావతికి నాలుగంగుళాలు తక్కువే వచ్చింది. ఆ రోజు నుంచి ఆయన అంచున పడుకున్నాడు.

అలాంటి మనిషి చేతికి ఊరి నడిబొడ్డు చిక్కింది. ఇరవై ఏళ్ల నాటి మాస్టర్ ప్లాను మార్చి, స్టేషన్ రోడ్డు వెడల్పు చేసి కొత్త మార్కెట్ కడతారట. సర్వే పటంలో ఉన్నవాళ్లకే అందులో చోటు. జాల్యాకు గుబులు పట్టుకుంది. అతని భార్య గోరీ, పాలకుర్తి వైపు తండా నుంచి ఆటోలో వచ్చే మరో పద్నాలుగు మందితో కలిసి ఆ రోడ్డు పక్కన నేల మీదే కూరగాయలు అమ్ముతుంది. గోడ లేదు, కప్పు లేదు. గంపను పటంలో ఎవరెక్కిస్తారు? సారును అడుగుదామంటే నోరు రాలేదు.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చిపడింది. ఆఫీసుకు తాళం. కొండల్‌రావు దీక్షా శిబిరంలో అందరికంటే గట్టిగా జై తెలంగాణ అని, ఆ గుక్కలోనే శిబిరం కొలిచాడు. రోడ్డు మీద వంటావార్పు పెడితే పొయ్యికీ పొయ్యికీ మధ్య దూరం కొలిచాడు. సమ్మెలో ఈ పనేందని యూనియన్ నాయకుడు వెంకట్రాం నిలదీశాడు.

"పనెక్కడిది అన్నా? ఆఫీసు టేపు బీరువల ఉన్నది. గిది నా సొంతం."

ఒక మధ్యాహ్నం ఆ టేపు గంపల దగ్గరికి వచ్చింది. దారిన పోయేవాళ్లు నవ్వుతుంటే జాల్యా సిగ్గుతో చచ్చిపోయాడు. పావంగుళం కోసం కొట్లాడే మనిషి ఇక్కడ మాత్రం ప్రతి గంప దగ్గరా ఒకే మాట అన్నాడు.

"జర కాళ్లు చాపు అక్కా."

సారుకు ఎండ తలకెక్కిందని గోరీ మొగుడితో చెప్పింది.

సమ్మె ముగిశాక హైదరాబాదు నుంచి ఒక అధికారి వచ్చి పటం విప్పాడు. స్టేషన్ రోడ్డు పొడుగునా పదిహేను గళ్లు.

"ఈ గంపలేంటండీ? తీసేయండి."

"ఉన్నది ఉన్నట్టు చూపమన్నరు సార్. తప్పనిపిస్తె మీరే కొలుసుకోండ్రి. కొస పట్టు జాల్యా."

ఎర్రటి ఎండలో అధికారి బయలుదేరాడు. టేపు కనబడగానే పదిహేను మంది ఆడవాళ్లూ అలవాటు కొద్దీ ఒక్కసారే కాళ్లు చాపారు. ఒక్కో కొలతా పటంతో అచ్చంగా సరిపోయింది. నాలుగో గంప దగ్గర చొక్కా తడిసింది. ఆరో గంప దగ్గర ఆయన టేపు వదిలేసి సంతకం పెట్టాడు.

జాల్యా అప్పుడు అడిగాడు. "మంచం కాడ అంగుళం సుత ఇడువలేదు మీరు. గంపల కాడ కాళ్లెందుకు చాపుమన్నరు సార్?"

"పొద్దంత కూసునేటోళ్లు జాల్యా. ముడుసుకున్న మనిషిని కొలిస్తె గది తప్పు కొలత."

పన్నెండేళ్లుగా తిట్టుకుంటూ మోసిన ఆ కొస మీద జాల్యాకు మొదటిసారి ప్రేమ పుట్టింది.

రాష్ట్రం ఇంకా రాలేదు గానీ, మార్కెట్ స్థలంలో సున్నం గీతలు మాత్రం పడ్డాయి. గోరీ తన గళ్లో గంప దించి, ఎవరూ అడగకుండానే కాళ్లు చాపింది. కొండల్‌రావు టేపు తీశాడు. జాల్యా చేయి చాచేలోపే గోరీ కొస పట్టుకుంది. మడమకూ గీతకూ మధ్య అంగుళం మిగిలింది. కొండల్‌రావు దాన్ని కూడా పుస్తకంలో రాసుకున్నాడు.