బిడ్డ ఎంత తిన్నాడో చెప్పకూడదు

ఏడాది నిండిన కొద్ది రోజులకే మా పెద్దవాడు అన్నం దగ్గర నోరు మూసుకోవడం మొదలుపెట్టాడు. ఏడ్చి మారాం చేసేవాడు కాదు. గిన్నె కనబడగానే పెదవులు లోపలికి మడుచుకుని, తల గోడవైపు తిప్పి, ఆ గోడ మీద ఏదో రాసి ఉన్నట్టు చూసేవాడు. మా ఆవిడ పిచ్చుకను చూపించి నోట్లో ముద్ద పెడితే, దాన్ని కాసేపు బుగ్గన ఉంచుకుని, మేము సంతోషించేదాకా ఆగి, మెల్లగా నాలుకతో బయటికి తోసేవాడు.

అవి యుద్ధం సాగుతున్న రోజులు. నేను బెంగళూరులో ఒక దినపత్రికలో పనిచేసేవాణ్ణి. మధ్యాహ్నం దాటాకే ఆఫీసు, కాబట్టి పొద్దుటిపూటంతా ఇంట్లోనే. పేటలో మేముండేది వఠారం. వీధిలోకి ఒకటే వాకిలి, లోపల పొడవాటి నడవ, దానికి అటూ ఇటూ ఐదారు కుటుంబాలు, చివర అందరికీ కలిపి ఒక కొళాయి. పాలవాడు ఆవును వాకిట్లోకే తోలుకొచ్చి, ఎవరి చెంబులో వాళ్లకు పిండి పోసేవాడు.

మా ఆవిడ రాగులు నానబోసి, మొలకెత్తించి, ఎండబెట్టి, విసిరి, పల్చటి గుడ్డలో జల్లించి పిండి చేసేది. దాంతో కాచే జావను అక్కడ సరి అంటారు. రేషను బియ్యంలోంచి మంచి గింజలు ఏరి వాడికోసం వేరే ఉడికించి, పప్పుకట్టు, నెయ్యి వేసి మెదిపేది. అన్నీ గోడను చూసే చూపుకే బలయ్యేవి. బిడ్డను పస్తుంచలేక ఆమె చివరికి పాలు పట్టేది. అలా రోజులో చాలాసార్లు పట్టాల్సి వచ్చేది.

ఆసుపత్రిలో లేడీ డాక్టరు వాడి కింది కనురెప్పను వేలితో లాగి చూసింది. లోపల ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి ఉందని మాకూ చూపించింది. పాలు ఒక్కటే అయితే కడుపు నిండుతుంది గాని నెత్తురు పట్టదని, ముందు తిండి, ఆ తర్వాతే పాలని, అదీ ఉదయం, సాయంత్రం చాలని చెప్పింది. నెల తర్వాత మళ్లీ చూస్తాననీ, అప్పటికీ ఇలాగే ఉంటే ఆసుపత్రిలో పెట్టుకోవాల్సి వస్తుందనీ అంది.  తిరిగొచ్చేటప్పుడు జట్కాలో మా ఆవిడ వాడి కనురెప్పను తాను కూడా లాగి లాగి చూసుకుంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పాలు తగ్గాయి. ఆకలేస్తే వాడే తింటాడని ఎదురుచూశాం. వాడికి ఆకలి వేయలేదు. ఇదే నాకు అర్థం కాలేదు. అన్నం తినడు, పాలు సగానికి సగం తగ్గాయి, అయినా నడవంతా నవ్వుకుంటూ పాకుతాడు. ఇలాంటి వార్త ఎవరైనా రాసుకొస్తే, ఇందులో ఒక మనిషి చెప్పాల్సింది చెప్పలేదని వెనక్కి పంపేవాణ్ణి.

ఇంకొకటి కూడా నా కంట పడింది. పొద్దుటినుంచి నేల మీద దొర్లే బిడ్డకు మోకాళ్లు మట్టి, చేతులు మట్టి, జుట్టులో కూడా మట్టి. మూతి మాత్రం ఎప్పుడూ తుడిచినట్టు ఉండేది.

ఒకనాటి ఉదయం పేపరు పట్టుకుని గడప మీద కూర్చున్నాను. పేపరు పైనుంచి వాడిని చూడటమే పని. వాడు తిన్నగా చివరింటికి పాకాడు. అక్కడ ఒక ముసలావిడ ఉండేది. కొడుకు మగ్గం నేసేవాడు, వాళ్లది ఆనేకల్ వైపు. వఠారమంతటికీ ఆమె అవ్వే. వాడు గడప పట్టుకుని లేచి నిలబడగానే అవ్వ గూట్లోంచి ఇత్తడి ఉగ్గుగిన్నె తీసింది, వాడిని కాళ్ల మీద వేసుకుంది, గిన్నెలోని పాలన్నీ నోట్లో పోసింది, కొంగుతో మూతి శుభ్రంగా తుడిచి కిందికి దించింది. వాడు అక్కణ్ణుంచి ఎదురింటికి మళ్లాడు. ఆ ఇంటాయనకు చిల్లర అంగడి ఉండేది. ఆయన భార్య చేతిలో వెండి గిన్నె. అక్కడా మూతి తుడవడం జరిగింది. ఆ తర్వాత కొళాయి పక్కన ఉండే కన్నడం వాళ్ల ఇల్లు. నేను పేపరు మడిచేశాను.

అవ్వను అడిగితే కొంచెం కూడా తడబడలేదు.

"బిడ్డ తాగినేది నోటితో చెప్పుకుంటారేమప్పా? దిష్టి తగలదా? నేనిచ్చేది ఎంతుండాది, స్వల్పం. గొంతు తడుస్తాది, అంతే."

పాలమూతితో పంపితే చూసినవాళ్ల కన్ను పడుతుందని తుడిచి పంపేదట. అంగడాయన భార్య చెప్పింది కూడా ఇంచుమించు అదే. గడప తొక్కిన పసివాడిని ఉత్తనోటితో పంపకూడదు. అన్నం పెడితే, రేపు వాడికి కడుపునొప్పి వస్తే మాట తనకు వస్తుంది. పాలకు ఆ భయం లేదు. పైగా మేము పాలు తగ్గించామని విన్నదట. "పాపం అనిపించి, ఇప్పుడు ఇంకొంచెం ఎక్కువే పోస్తా ఉండాను" అంది.

ప్రతి ఇంటివాళ్లూ తామొక్కరే ఇస్తున్నామనుకున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మేము మా ఇంట్లో తగ్గించినకొద్దీ నడవలో పెరిగింది.

మా ఆవిడకు చెబితే ముందు నవ్వింది.

"ఊరి వార్తలన్నీ మీకే ముందు తెలుస్తాయి కదా. గోడవతల వార్త ఇన్నాళ్లకు వచ్చిందా?"

తర్వాత ఆమె నవ్వు ఆగిపోయింది. అందరికీ విషయం చెప్పేద్దామన్నాను. ఆమె తల అడ్డంగా తిప్పింది.

"పాలు పొయ్యొద్దంటే వాళ్ల పాలల్లో ఏదో ఉండాదన్నట్టు కాదా? రేపు వాడు ఎవరి గడప ఎక్కల్ల?"

మర్నాడు పాలవాడు రాకముందే సరి గిన్నె తీసుకుని అవ్వ దగ్గరికి వెళ్లింది. పాల మాట ఎత్తలేదు. తన చేత్తో పెడితే వీడు తినడంలేదనీ, తిండి తిన్నాకే పాలు పట్టమని డాక్టరమ్మ గట్టిగా చెప్పిందనీ, ఆ తిండి అవ్వ చేతి మీదుగా అయితే లోపలికి పోవచ్చుననీ అంది. అంగడాయన భార్యకు మధ్యాహ్నం పప్పన్నం అప్పగించింది. కొళాయి పక్కింటి ఆమెకు సాయంత్రం అరటిపండు మెదిపి పెట్టే పని. వంట మాదే గనక కడుపునొప్పి వచ్చినా మాట వాళ్లకు రాదు. గడప తొక్కిన బిడ్డ ఉత్తనోటితో పోడు. పాలు మాత్రం మా ఇంట్లో, తిండి తర్వాత.

కాగితం మీద ఇది చక్కగా ఉంటుంది. నడవలో అలా జరగలేదు. వాడు అవ్వ కాళ్ల మీద పడుకుని నోరు తెరిచాడు, నాలుకకు సరి తగిలింది, మూసేశాడు. ఉగ్గుగిన్నె ఉండే గూటివైపు చెయ్యి చాచాడు. గిన్నె రాకపోయేసరికి ఏడ్చాడు. వాడు ఆకలికి ఏడవడం మేము వినడం చాలా రోజులకు అదే. మా ఆవిడ మా గడపలో తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. నేను లేవబోతే, "సుమ్మనే కూర్చోండి, కదలొద్దు" అంది. 

అవ్వ కూడా ఓర్చుకోలేకపోయింది. వాడిని పక్కన కూర్చోబెట్టి, నేనేం చేసేదిరా అని, తన పళ్లెం ముందుకు లాక్కుంది. మగ్గానికి కూర్చునేవాళ్ల ఇల్లు కాబట్టి వాళ్ల భోజనం పెందలాడే. రాగిముద్ద, ఆకుకూర పులుసు. ఆమె తింటుంటే వాడు ఏడుపు మధ్యలో ఆపి చూశాడు. గోడను చూసే చూపు కాదది. చెయ్యి పెట్టి ముద్ద అంచున ఒక తునక పీకాడు. నలిపాడు. నోట్లో పెట్టుకున్నాడు. బయటికి వస్తుందని అందరం చూశాం. రాలేదు. ఇంకో తునకకు చెయ్యి పోయింది.

ఆ జల్లించిన పిండి, ఆ మెత్తదనం వాడికి ఇష్టంలేదా, ఎవరో పెట్టడం ఇష్టంలేదా, లేక అవ్వ పళ్లెంలోది గనకే రుచా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు. మా ఆవిడను అడిగితే, తింటున్నాడు కదా, ఆరా తీయకండి అనేది. మర్నాటినుంచి మా ఇంట్లో కూడా వాడికి వేరే గిన్నె పెట్టలేదు. మేము తినేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకునేవాళ్లం. మా పళ్లేల్లోంచి లాక్కునేవాడు. కొన్ని రోజులు తినేవాడు, కొన్ని రోజులు మళ్లీ గోడవైపు తిరిగేవాడు. తిరిగినా మా ఆవిడ పాలచెంబు వైపు పరుగెత్తడం మానేసింది.

ఆఫీసు నుంచి వచ్చి, ఈ రోజు ఎంత తిన్నాడని నేను అడిగేవాణ్ణి. రోజంతా అంకెలు అడిగే వృత్తి మరి. ఆమె జవాబు చెప్పేది కాదు. అవ్వను అడిగినా అంతే. తింటున్న బిడ్డ గురించి ఆ వఠారంలో నాకు ఒక్క మాట దొరకలేదు.

నెల నిండాక ముగ్గురం మళ్లీ ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ ఏం తింటున్నాడని అడిగింది. మా ఆవిడ నేల చూస్తూ, "ఏదో స్వల్పం" అంది. డాక్టరమ్మ నమ్మనట్టు చూసి, వాడి కనురెప్ప లాగింది. కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత రెండో కన్ను కూడా చూసింది. ఆసుపత్రిలో పెట్టుకునే మాట ఎత్తలేదు. ఇంకో నెల చూద్దాం, ఇదే నడవనివ్వండి అంది. వాడి తల పక్కకు తిప్పి చూసి ఆమెకు నవ్వు వచ్చింది. చెవి వెనక ఎండిపోయిన రాగిముద్ద తునక అంటుకుని ఉంది.

మా ఆవిడ గబగబా కొంగుతో దాన్ని తుడిచేసింది.