రెండు ఇటుకల ఎత్తు

ఏళ్ల తరబడి ఒక బరువు మోస్తున్నాను. రెండు ఇటుకలంత బరువు. నవ్వొస్తే నవ్వండి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పబోయి చాలాసార్లు మాట మార్చేశాను.

మెట్రో ఇంకా మా వైపు రాని రోజులు. వైశాలి అపార్టుమెంట్లు దాటి, పెద్ద మురుగు కాలువ పక్కన మా కాలనీ. ఓట్లప్పుడు ఉండేది, మిగతా రోజుల్లో ఏ ఆఫీసుకీ కనిపించేది కాదు. ఏడాదికోసారి మనుషులొచ్చి కాలువలో బురద తీసి గట్టు మీద కుప్పలు పోసి వెళ్లేవాళ్లు. ఆ కుప్పలు ఎత్తుకెళ్లాల్సింది వేరే శాఖట. ఆ శాఖవాళ్లు రాకముందే వాన వచ్చేది, బురదంతా మళ్లీ కాలువలోకే పోయేది. ఈ నాటకానికి ప్రతి ఏడూ టెండరు, ప్రతి ఏడూ బిల్లు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పిల్లలు బూట్లు చేత్తో పట్టుకుని బడికి వెళ్లేవాళ్లు. పురుటి నొప్పులతో ఉన్న మనిషిని మంచం మీద మోసుకుంటూ మెయిన్ రోడ్డుదాకా తీసుకెళ్లాం. దేశ రాజధానికి కూతవేటు దూరంలో మా బతుకు అది.

నాకు డిగ్రీ లేదు. ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీ గోదాములో స్టోర్‌కీపర్‌ని. ఊరి నుంచి వచ్చిన కొత్తలో కరోల్ బాగ్‌లో సివిల్స్ రాసే కుర్రాళ్లతో గది పంచుకున్నాను. వాళ్లు కోచింగ్‌కి పోతే నేను లైబ్రరీకి పోయేవాణ్ని. చరిత్ర, మున్సిపల్ చట్టాలు, చివరికి రోడ్లు ఎలా వెయ్యాలో చెప్పే లావుపాటి ఇంజనీరింగ్ పుస్తకం కూడా చదివాను. పరీక్ష కోసం కాదు, నా కోసం. దాన్ని గర్వంగానే చెబుతున్నాను. కాలనీలో నన్ను మాస్టర్‌జీ అనేవాళ్లు, ఏనాడూ పాఠం చెప్పకపోయినా. అర్జీలు నేనే రాశాను. ఆఫీసుల్లో నేనే గొంతు చించుకున్నాను. ఎట్టకేలకు మా వీధికి సిమెంటు రోడ్డు మంజూరయింది.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఈ చుట్టుపక్కల రోడ్డు మళ్లీ వేసినప్పుడు పాతదాన్ని తవ్వి తియ్యరు. దాని మీదే వేస్తారు. పాత గల్లీల్లో వీధిలోంచి మెట్లు దిగి ఇంట్లోకి వెళ్లడం మీరు చూసే ఉంటారు. ఇల్లు ఉన్నచోటే ఉంది, రోడ్డు పెరుగుతూ వచ్చింది. ఇంకో వాన, ఇంకో టెండరు, ఇంకో పొర. ఇది తప్పని నా పుస్తకంలో స్పష్టంగా ఉంది. కొత్త పొర వేసేముందు పాతది తీసి, మట్టం చూసుకోవాలి.

మా వీధిలో అంతకుముందు ఇటుకలు పరిచిన దారి ఉండేది. ఆ ఇటుకలు తీయించాలంటే ఎస్టిమేటు మార్చాలని, ఫైలు మళ్లీ పైకి పోతుందని, ఎప్పుడు తిరిగొస్తుందో తాను చెప్పలేనని జూనియర్ ఇంజనీరు నాతో అన్నాడు. పైనే వేసేస్తే వచ్చేవారమే పని మొదలు. మీ కాలనీవాళ్లు ఏమంటారు, మాస్టర్‌జీ, అని అడిగాడు. కాలనీవాళ్లను నేను అడగలేదు. ఎవరికీ అభ్యంతరం లేదు, వేసెయ్యండి అన్నాను.

ఎందుకన్నాను? వీధి జనం విసిగిపోయారు, ఇంకో ఏడాది ఆగలేరు అని నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజముంది. కానీ కౌన్సిలరు ప్రారంభోత్సవం చేస్తాడని, వేదిక మీద నాకూ కుర్చీ వేస్తారని అప్పటికే తెలుసు. రోడ్డు తెచ్చినవాడిగా కూర్చోవాలనుకున్నాను, ఆపినవాడిగా కాదు. ఆ కుర్చీ ఎంత ముచ్చటగా కనిపించిందో ఇప్పుడు తలుచుకుంటే అసహ్యమేస్తుంది.

ఆ వారంలోనే మేస్త్రీని పిలిపించి, మా ఇంటి నేల మట్టి పోయించి లేపించాను. గడప రెండు ఇటుకలు ఎత్తించాను. అడిగినవాళ్లకు టైల్స్ వేయించుకుంటున్నానన్నాను.

వీధి చివర పల్లంలో రత్నం అక్క ఇల్లు. కాకినాడ వైపు మనిషి. భర్త పోయాక వెట్ గ్రైండర్ పెట్టుకుని ఇడ్లీ, దోసెల పిండి రుబ్బి అపార్టుమెంట్లలోని తెలుగు, తమిళ ఇళ్లకు అమ్మేది. ఆ ఇల్లు, ఆ గ్రైండర్, అంతే ఆమె ఆస్తి. నాకు జ్వరమొస్తే గంజి పంపేది. మేస్త్రీ నా పని ముగిస్తున్న రోజు మా గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది.

"తమ్ముడూ, ఎలాగూ మేస్త్రీ ఇక్కడే ఉన్నాడు. మా గడప కూడా లేపించెయ్యనా? రోడ్డు పైకొస్తే నీళ్లు లోపలికొచ్చేస్తాయంటోంది ఎదురింటి పంజాబీ ఆంటీ."

"ఆవిడ మాటకేంగాని, నేను పుస్తకంలో చూశానక్కా. రోడ్డుకి నడుమ ఎత్తుంచి పక్కలకి వాలు పెడతారు. నీళ్లు కాలవలోకే పోతాయి."

"అంతేనంటావా? మరి నువ్వెందుకు లేపించావు?"

"టైల్స్ కోసం."

ఆమె నవ్వింది. "ముందు పిల్లని వెతుక్కో నాయనా, టైల్స్ తర్వాత. జారిపడ్డానికైనా ఇంట్లో ఓ మనిషుండాలి కదా. సర్లే, నువ్వు చదివినోడివి. నీళ్లు రావని నువ్వంటే రావు."

వెళ్లిపోయింది. మేస్త్రీ ఇంకా తాపీ కడుక్కుంటున్నాడు. వెనక్కి పిలవచ్చు. పిలవలేదు. ఆమె గడప లేపితే పక్కింటివాళ్లు ఎందుకని అడుగుతారు, వీధంతా ఇటుకలు తియ్యమని పట్టుబడుతుంది, ఫైలు వెనక్కి పోతుంది. ఇదంతా ఆమె నవ్వుతున్నంతసేపట్లోనే లెక్క వేసుకున్నాను. ఆమెతో నేనన్న వాలు సంగతి అబద్ధం కాదు, పుస్తకంలో ఉన్నదే. పాత పొర తియ్యాలన్న మాట దాని పక్క పేజీలో ఉంది. ఆ పేజీ నేను చెప్పలేదు.

రోడ్డు వేశాక వచ్చిన మొదటి పెద్ద వానకే కాలువ పొంగి, వీధి నీళ్లన్నీ పల్లానికి దిగాయి. నేను వెళ్లేసరికి అక్క మోకాలి లోతు మురుగులో నిలబడి, తడిసిన మినప్పప్పు బస్తాని మంచం మీదికి లాగుతోంది. గ్రైండర్ మోటారు మునిగిపోయింది. నేనూ బకెట్టు పట్టుకుని తోడాను. నీ పుస్తకంలో తప్పు లేదు తమ్ముడూ, ఈ దొంగవెధవలు అలా వెయ్యలేదంతే, అంది. నన్ను ఓదారుస్తూ అంది.

ఆ తర్వాత నేను చేసింది వినండి. ధర్నా చేశాను. కాంట్రాక్టరు దొంగ, సిమెంటు తిన్నాడు, కాలువ తియ్యలేదు అని మెయిన్ రోడ్డు మీద నిలబడి అరిచాను. ప్రతి మాటా నిజమే. వాళ్లు దొంగలే, ఆ మాట ఈరోజూ అంటాను. ఆ నిజాల వెనకాల నిలబడితే నేను ఎవరికీ కనిపించలేదు. జనం చప్పట్లు కొట్టారు. అక్క ముందు వరసలో కూర్చుని కొట్టింది.

మరుసటి వానలకీ అంతే. మురుగు వాసన వచ్చే ఇంటి నుంచి పిండి ఎవరు కొంటారు? అపార్టుమెంట్లవాళ్లు మానేశారు. ఇల్లు ఒక ప్రాపర్టీ డీలరుకి వచ్చినకాడికి ఇచ్చేసి, జనక్‌పురిలో ఒక తెలుగువాళ్ల ఇంట్లో వంటకి కుదిరింది. సొంత గుమ్మం ఉన్న మనిషి. నా గడప మాత్రం పొడిగానే ఉంది.

ఒకసారి చెప్పేద్దామని జనక్‌పురి వెళ్లాను. బస్సులో మాటలు పేర్చుకుంటూనే వెళ్లాను. వంటింట్లో నిలబెట్టి నాకు పెసరట్టు వేసిపెట్టింది. ఇంటావిడని పిలిచి, మా కాలనీకి రోడ్డు తెచ్చింది ఈ తమ్ముడే, ఎంత చదివాడో తెలుసా అని చెప్పింది. నేను తలొంచుకుని తిన్నాను. ఇంకోటి వెయ్యనా అంటే వెయ్యమన్నాను. తిని వచ్చేశాను. అంతకంటే నీచమైన భోజనం నేనెప్పుడూ చెయ్యలేదు. తర్వాత ఆ ఇంటివాళ్లకు బదిలీ అయింది. అక్క వాళ్లతో వెళ్లిందో, వేరే చోట కుదిరిందో చెప్పేవాళ్లు లేరు.

మా వీధి రోడ్డు ఆ తర్వాత మళ్లీ వేశారు. తవ్వలేదు. పైనే వేశారు. ఇప్పుడు నేను కూడా వీధిలోంచి ఓ మెట్టు దిగి ఇంట్లోకి వెళ్తున్నాను, వానొస్తే బకెట్టు పట్టుకుంటున్నాను. తగిన శాస్తి అనుకుని ఊరట పొందుదామని చూశాను. కుదరలేదు. అది శాస్తి కాదు, మామూలు టెండరు. శాస్తి అయితే అక్కకి తెలియాలి కదా?

ఇన్నాళ్లూ కాంట్రాక్టరునీ, ఇంజనీరునీ, కౌన్సిలరునీ తిట్టి, ఆ వరసలో ఒక పేరు వదిలేస్తూ వచ్చాను. ఇవాళ వదలడం లేదు. నీళ్లు వస్తాయని నాకు తెలుసు. తెలిసే నా గడప లేపుకున్నాను. తెలిసే ఆమెకు రావని చెప్పాను.

అక్కా, ఆ రోజు మేస్త్రీ ఇంకా అక్కడే ఉన్నాడు.