ఏడుపు లేని రంగం

శాంతాదేవికి యాభై ఆరేళ్ళు. సుంగై పెటాని పట్నంలో చేతితొడుగులు చేసే ఫ్యాక్టరీలో పని. నిరుడు జూన్‌లో ఆమె భర్త పువనేశన్ మోటారుసైకిల్ మీద ఇంటికి వస్తూ లారీ కింద పడి చనిపోయాడు. ఆమె ఏడవలేదు. మూడు రోజుల సెలవు అయిపోగానే పనికి వెళ్ళింది. చుట్టాలు అన్న మాటలు చెవిన పడ్డాయిగాని లోపలికి దిగలేదు.

బడిలో ఆమెతో చదువుకున్న విజయరాణి ఇప్పుడు తోటల చరిత్ర సంఘానికి కార్యదర్శి. ఓడ దిగి రబ్బరు తోటలకు కూలికి వచ్చిన మొదటి తరం తెలుగువాళ్ళ బతుకును సంఘంవాళ్ళు ఏటా వేషాలు కట్టి చూపిస్తారు. ఈ ఏడు ఒక ఆడమనిషి తక్కువైంది.

"నీకు తెలుగొచ్చు, పాలకి రబ్బరు సెట్టు గీయడం వొచ్చు. ఇప్పటి పిల్లలకి రెండూ రావు గదా. నువ్వు రావే, శాంతా!"

శనివారాలు ఇంట్లో చేసేదేమీ లేదు. సరేనంది.

మలేరియాతో మొగుడు పోతే శవం మీద పడి ఏడ్చే అచ్చమ్మ అనే కూలిమనిషి వేషం అది. వేషం రాసిన కాగితం చేతికిచ్చాక గాని విజయరాణికి తట్టలేదు.

"అయ్యో, నాను ఆలోసించనేదే. మార్సేద్దాం."

"వొద్దులే. ఇదే సేస్తాను."

రిహార్సల్ జరిగిన మూడు శనివారాలూ ఆమెకు ఏడుపు రాలేదు. ఆటరోజు వస్తుందిలే అన్నారు.

ఆటరోజు హాలు నిండింది. శవం వేషం వేసిన మెకానిక్ కుగన్ చాపమీద పడుకున్నాడు. శాంతాదేవి పక్కన కూర్చుంది. అతని పాదం ఒకటి దుప్పటి బయటికి వచ్చి ఉంది. కప్పింది. కాసేపు అలాగే చూసి లేచింది. రబ్బరు పాల బకెట్టు కడిగి పట్టుకుని కూలీల హాజరు వరసలో నిలబడింది. అలా చేయమని కాగితంలో లేదు. తోట గుమాస్తా వేషంలో ఉన్న గోవిందన్ తడబడి, చివరికి పేరు పిలిచాడు.

"అచ్చమ్మా!"

"ఉన్నాను."

హాల్లో ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. ఆమెకు వినపడింది, అంతే.

ఆట అయ్యాక సన్యాసి అనే ముసలాయన కర్ర పట్టుకుని వచ్చాడు. ఎనభై ఆరేళ్ళు, తోటలో పుట్టినవాడు.

"అమ్మీ, మా అయ్య పోయినప్పుడు మాయమ్మ ఇలాగే సేసినాది. మర్నాడే సెట్లకి ఎల్లిపోనాది. అందరూ రాయి అన్నారు."

"తరవాతైనా ఏడ్సినాదా, తాతా?"

"నానైతే సూడనేదు, అమ్మీ."

శాంతాదేవి కుర్చీ తెచ్చి వేసింది. ఇద్దరూ టీ తాగారు. మీ అమ్మ ఎన్ని చెట్లు గీసేది, కూలీల ఇళ్ళ లైనులో మీ ఇల్లు ఎక్కడుండేది అని ఆమె అడుగుతూ పోయింది. పువనేశన్ పోయాక ఆమె ఎవరితోనూ అంతసేపు మాట్లాడలేదు.

విజయరాణి కాగితంలో ఏడుపు కొట్టేసి, ఆమె చేసినట్టే రాసింది.

"వొచ్చేనెల సుంగై సిపుట్ ఊళ్ళో ఆట. వొస్తావా?"

"వొస్తాను," అంది శాంతాదేవి. సోమవారం ఉదయం షిఫ్టుకు వెళ్ళింది.